బోడి ఎలుకల పురుడు

పరిశోధనశాలలో ఆమెను అందరూ ఎలుకలత్త అనేవారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి చేతులు పాడైపోయాక, ఎలుకల గదిలో పని దొరికితే ముక్కు మూసుకుని చేరింది. చేరాక వదల్లేదు. కోడలు కాపురానికి వచ్చాక ఆమెనూ పక్క గదిలో పనికి పెట్టించింది. "ఇంట్లో చాలక ఇక్కడ కూడానా అత్తయ్యా!" అని కోడలు మొత్తుకున్నా వినలేదు.

ఎలుకలత్త ప్రాణమంతా బోడి ఎలుకల మీదే. వాటికి ఒంటిమీద వెంట్రుక ఉండదు, ఎదలో థైమస్ గ్రంథి ఉండదు. రోగంతో పోరాడే ముఖ్యమైన కణాలు ఎదిగేది ఆ గ్రంథిలోనే కాబట్టి, వాటిని కంటికి రెప్పలా కాచుకోవాలి. అలాంటి గదిలోకి కాలేయానికి పట్టే వైరస్ ఒకటి చొరబడింది. వెంట్రుకలున్న ఎలుకలు ఏమీ ఎరగనట్టు తిరుగుతుంటే, బోడివి ఎముకలు తేలి మూలన ముడుచుకున్నాయి.

"గది ఖాళీ చెయ్యక తప్పదు," అన్నాడు ఎలుకల డాక్టరు. "ఈ రకం ఇంకెక్కడా లేదు. వంశం నిలవాలంటే ఒక్కటే దారి. నిండు చూలాలి గర్భసంచి తీసి, మందునీళ్లలో ముంచి, శుభ్రమైన గదిలోకి అందించాలి. అక్కడ పిల్లల్ని తీసి మరో తల్లికి అప్పగించాలి."

"అప్పగించేది నేనే!"

"నువ్వు రోగం గదిలో మనిషివి అత్తా. అటు అడుగు పెట్టకూడదు. నీ కోడలి గదికి రోగం అంటలేదు, ఆమె చేస్తుంది. ఈ పని ముగిసేదాకా మీరిద్దరూ ఒకే ఇంట్లో కూడా ఉండొద్దు."

కోడలు పెట్టె సర్దుకుని పుట్టింటికి పోయింది. వీధి వీధంతా చెవులు కొరుక్కుంది. కొడుకు తల్లి చేతి మాడిన కూర తింటూ ముఖం వేలాడేశాడు.

పురుటి రోజున ఎలుకలత్త శుభ్రమైన గది అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. లోపల కోడలు ఎర్రటి పసికూనలను గుడ్డతో తుడిచి, ఊపిరందేలా రుద్ది, కొత్త తల్లి గూట్లోని పొట్టు వాటి ఒంటికి పులిమి, మెల్లగా గూట్లో పెట్టింది. తల్లి వాసన చూసి పక్కకు తప్పుకుంది.

"ఇంకాస్త రుద్దవే! అటు కాదు, ఇటు!" ఎలుకలత్త అద్దం దబదబా బాదింది.

తల్లి ఎలుక అదిరిపడి ఒక కూనను నోట కరిచి గూటి బయట పడేసింది.

కోడలు తలెత్తి అత్తను చూసింది. ఆ కూనను తిరిగి గూట్లో పెట్టింది. తుండుగుడ్డ తీసి అద్దానికి అడ్డంగా వేలాడదీసింది.

"చూశారా డాక్టరుగారూ, నా ముఖం మీదే తెర దించింది!"

"కూర్చో అత్తా. బెదిరితే తల్లి పిల్లల్ని తినేస్తుంది."

ఆ సంగతి కోడలికి నేర్పింది తానే. ఎలుకలత్త బల్ల మీద కూలబడి, బాదిన చెయ్యిని రెండో చేత్తో అదిమి పట్టుకుంది. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

చివరికి గుడ్డ తొలగింది. కోడలి అరచేతిలో, బోడి రకానికి గుర్తయిన వంకర మీసాలతో ఒక కూన. పలచని చర్మం కింద, పొట్టలో తెల్లటి మచ్చ. పాలు!

"తాగింది! నా తల్లే, తాగింది!" ఎలుకలత్త కేకకు వరండాలోని తలుపులన్నీ తెరుచుకున్నాయి.

పిల్లలు ఎదిగాక చేసిన పరీక్షల్లో ఒక్కదానిలోనూ వైరస్ లేదు. పాత గదిని ఖాళీ చేసి కడిగి ఆరబెట్టాక, కోడలు పెట్టెతో ఇంటికి తిరిగొచ్చింది. మర్నాడు ఎలుకలత్త కొత్త గది గుమ్మంలో నిలబడింది.

"ఏమే, ఇప్పుడైనా రానిస్తావా?"

"స్నానం చేసి, బట్టలు మార్చుకుని రండి. ఇక్కడ నేను చెప్పినట్టు వినాలి అత్తయ్యా."

"వింటానే మహాతల్లీ!"

ఎదురు మాట లేకుండా స్నానాల గదివైపు కదిలింది ఎలుకలత్త. నడక మాత్రం పెళ్లికొడుకు తల్లి నడకలా ఉంది.