భుజం మీద వేళ్ళు

మా అత్త పోయింది. కమలాపురంలో ఆమె బీపీ మాత్రల కోసమే నేను మందులంగడి ముందర నిలబడి ఉంటే పక్కింటి వదిన ఫోన్ చేసింది.

"అమ్మీ, మీ అత్త చేట ఒళ్ళో పెట్టుకోని కూచున్నట్టే ఉండాది. పిలిస్తే పలకల్యా. ముక్కు కాడ ఏలు పెట్టి చూస్తే ఊపిరి ల్యా. ఇంతసేపూ నేను గోడ ఈ పక్కనుంచి మాట్లాడిస్తానే ఉండా. చేతి ఏళ్ళు చేట మింద ఆడ్తాంటే, బాగుండాదిలే అనుకుంటి."

ఆటో పట్టుకుని వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. వసారాలో నాపబండలు కాలు పెట్టనీకుండా కాలుతున్నాయి. వాటి మీద కూర్చున్న మా అత్త మాత్రం చల్లగా ఉంది. ఒళ్ళో చేట, చేటలో సగం చెరిగిన కందిపప్పు. కుడిచెయ్యి చేట అంచు మీద, వేళ్ళు కొంచెం లేచి, ఇంకేదో వాయించబోతున్నట్టు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినాక కూడా ఆ వేళ్ళు ఆడినాయని వదిన ఇప్పటికీ అంటుంది. నేను ఆమెతో వాదన పెట్టుకోను.

మా అత్తను ఎరగని వాళ్ళకు ఆమె ఎవరో చెప్పాలి. మా ఊరి గుడిలో హార్మోనియం ఆమెది. చర్చిని మేము గుడి అనే అంటాం, హార్మోనియాన్ని పెట్టె అంటాం. కూలి పనికి పోయినా, కందులు కోసినా, ఆదివారం తెల్లచీర కట్టి పెట్టె ముందర కూర్చుంటే ఇంక ఆమెను పలకరించడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. గొంతు చించుకునే వాళ్ళను చూసి, "దేవునికి చెవుడు ల్యా, మెల్లగా పాడండి" అనేది. పాస్టరు అయ్యగారి ప్రార్థన మరీ సాగితే తిత్తిలోంచి సన్నగా గాలి వదిలేది. ఆ చప్పుడు వినబడితే అయ్యగారు ఆమెన్ దగ్గరికి వచ్చేసేవారు.

నేను కోడలిగా అడుగుపెట్టిన రోజే, "పాడతావా?" అని అడిగింది. సిగ్గుపడుతూనే ఒక చరణం పాడినా. అంతా విని, "పోనీలే, సంగటి కెలకడం వచ్చునా?" అనింది. ఆ మాటకు నేను చాన్నాళ్ళు కోపం పెట్టుకున్నాను. నాది గాడిద గొంతేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పోయినా శవం వెంట ఈ హార్మోనియం పెట్టెను కూడా మంచం మీద పెట్టి పాపాగ్ని ఏటి గట్టున ఉన్న సమాధుల దిబ్బకు మోసుకుపోతారు. గుంతలో మొదటి పిడికెడు మన్ను పడినప్పుడు పాట మొదలు పెట్టాలి. చివరి పార మన్ను పడేదాకా ఆపకూడదు. వాయించేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. ఎందుకని అడిగితే, "పొయ్యే మనిషి పాట ఎంబడి నడుస్తాంటాడు అమ్మీ. పాట ఆగితే ఆడనే నిలబడిపోతాడు" అనింది మా అత్త. బైబిల్లో ఇది యాడుందో అయ్యగారికీ తెలీదు. తెలీదని ఎవరూ మానుకోలేదు.

ఆ కట్టు తప్పింది మా సంఘపెద్ద మట్టి రోజున, ఆయన్ను పూడ్చేటప్పుడు. ఆయనకూ మా అత్తకూ ఎప్పుడూ ఎగతాళే. "నీ పెట్టె ఎద్దులబండి మాదిరి పోతాది గదమ్మా. నా మట్టికైనా కొంచెం తొందరగా తోలు" అనేవాడు. ఆయన గుంత సగం పూడినాక, పాట మధ్యలో, పెట్టె మీద మా అత్త ఉంగరం వేలు నొక్కాల్సిన మెట్టు దగ్గర ఆ వేలు ముడుచుకుపోయింది. పక్కనే చిటికెన వేలు కూడా. మా అత్త ఎడమచేత్తో వాటిని లాగి తెరిచింది. మెట్టు తగలగానే మళ్ళీ ముడుచుకున్నాయి. పెట్టె ఆగింది. పారలు పట్టుకున్నోళ్ళు కూడా ఆగినారు. తర్వాత ఎవరో నోటితో పాట అందుకున్నారు, మన్ను పూడ్చినారు.

ఊరంతా ఒకటే మాట, ఆయనే వేలు పట్టుకున్నాడని. మా అత్త నవ్వేసి, "తొందర పెట్టినోడే ఆపినాడు చూడు" అనింది. నవ్వింది గానీ, ఇంటికి వచ్చి ఆ వేలికి నూనె రాస్తూ చాలాసేపు దాని వైపే చూస్తా కూర్చుంది.

కడపలో పెద్ద డాక్టరుకు చూపించినాం. చేతిలో ఏ లోపమూ లేదమ్మా, ఏండ్ల తరబడి ఒకే పని చేసినోళ్ళకు అరుదుగా ఇట్లా వస్తుంది, ఆ ఒక్క పనికే మెదడు వేళ్ళను సరిగ్గా నడపలేదు, అన్నాడు. "చేటలో పప్పు చెరిగేటప్పుడు లేని రోగం పెట్టె మింద యాడనుంచి వస్తాది నాయనా?" అని అడిగింది. అదే ఈ రోగం తీరు అన్నాడు ఆయన. బస్సులో వస్తూ, "పెట్టెకు నేనంటే విసుగు పుట్టినట్టుండాది" అని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. అంతకుముందు ఆమె ఏడవగా నేను చూడలేదు.

గుడికి కీబోర్డు వచ్చింది. మట్టికి పెట్టెను తీసుకుపోవడం మానేసినారు. పెట్టె మా ఇంటికి చేరింది, దాని మీద పాత దుప్పటి కప్పినాం. నాకు వణుకు పుట్టించింది ఆ తర్వాతి సంగతి. మెట్లు తప్ప ఇంకేది తగిలినా ఆమె వేళ్ళు వాయిస్తానే ఉండేవి. చేట అంచు మీద, గుడిలో చాప మీద, నీళ్ళ బిందె మీద. చూసేవాళ్ళకు అది పాటని తెలిసిపోయేది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మెల్లగా జరిగి కూర్చునేవాళ్ళు. ఆమె చేతిని చీర కుచ్చిళ్ళ కింద దాచుకునేది. కుచ్చిళ్ళ కింద కూడా కదిలేది.

ఒక మధ్యాహ్నం నాకు తలకు నూనె పెట్టి, కుడిభుజం మీద చెయ్యి ఆనించింది. వేళ్ళు మొదలుపెట్టినాయి. కొంచెంసేపటికి నాకు అర్థమైంది. "అత్తా, ఇది మొన్న ఆదివారం పాట గదా" అన్నాను. చెయ్యి టక్కున ఆగింది. "పో, దుప్పటి తియ్" అనింది.

అట్లా నేను పెట్టె ముందు, ఆమె నా వెనక. ఆమె ఏ వేలు నొక్కితే నాదీ ఆ వేలే. చెయ్యి మెడ వైపు జరిగితే కింది మెట్లు, దండచెయ్యి వైపు జరిగితే పై మెట్లు. మొదట్లో మేకను కోసినట్టు ఉండేది నా వాయింపు. "సంగటి కెలికినట్టు కెలకొద్దే" అని జుట్టు పీకేది. పోనుపోను నేను ఆలోచించడం మానేసినా. నా చేతిలోంచి వచ్చే పాట నాది కాదు. ఒక్కోసారి భయమేసేది, నిజం చెప్తున్నా. పాట అయిపోయినాక అరచేత్తో భుజం మీద ఒక్కటి తట్టి, "ఇంక లెయ్ అమ్మీ" అనేది. ఆ తట్టు పడేదాకా లేవకూడదు. లేస్తే తిట్లు.

మట్టి పాట మాత్రం ఎప్పుడూ సగమే. ఆ ఉంగరం వేలు చోటుకు రాగానే భుజం మీద చెయ్యి లేచిపోయేది. మిగతాది నేర్పమని ఎన్నోసార్లు అడిగినా.

"నా చేతికి ఆ పక్క ఏముండాదో తెలీదు. ఆ పెద్దాయన ఆడనే నిలబడుకోనుండాడేమో పాపం" అనింది ఒకసారి. ఎగతాళి కాదని ఆమె గొంతే చెప్పింది. పెట్టె మీద దుప్పటి మళ్ళీ కప్పుతా, "నా మట్టికి నువ్వే వాయించల్ల. సగంలో ఆపితే మాత్రం లేచి కూచుంటా" అని నవ్వింది.

అందుకే కీబోర్డు పిల్లోడు వస్తానన్నా నేను వద్దన్నాను. పెట్టెను మంచం మీద పెట్టి దిబ్బకు మోయించినాను. ఆమె గుంత సంఘపెద్ద గుంతకు పక్కదే. మొదటి పిడికెడు పడింది, మొదలుపెట్టినా. సగం దాకా నా వేళ్ళకు తెలుసు. ఆ తర్వాతిది చెవికి తెలుసు గానీ వేలికి తెలీదు. ఆ చోటు దగ్గరపడే కొద్దీ పాటను నిదానం చేసుకుంటా పోయినా. మన్ను ఇంకా సగం కూడా పూడలేదు. ఆపితే ఇద్దరూ ఆడనే నిలబడిపోతారని, ఇంతమందిలో అంత పిచ్చి ఆలోచన నాకు.

ఆ చోటు వచ్చింది. నా కుడిభుజం మీద ఉంగరం వేలు పడింది.

గట్టిగా, స్పష్టంగా. నా వేలూ పడింది. తర్వాత చిటికెన వేలు. చెయ్యి దండ వైపు జరిగింది, నేను పై మెట్లకు జరిగినా. నాకు ఎవరూ నేర్పని పాట సగం నా చేతిలోంచి పోతా ఉంది. కట్టు కట్టే గదా, నేను వెనక్కి తిరగలేదు. చివరి పార పడింది, పాట అయిపోయింది. ఒక్క మెట్టు కూడా తప్పలేదని అయ్యగారు అన్నారు. నీ ఎనక ఎవరూ ల్యా, అందరమూ గుంత కాడనే ఉంటిమి అనింది వదిన, నేను అడగకుండానే.

మా అత్త నాకు ఇచ్చింది చాలా ఉంది. గాడిద గొంతుదాన్ని పెట్టె ముందు కూర్చోబెట్టింది, అదొక్కటే చాలు. ఆమె లేదని ఏడుపు వస్తుంది, సంగటి కెలికేటప్పుడు మరీ వస్తుంది.

కానీ ఆ రోజు పాట అయిపోయినాక నేను పెట్టె ముందు అట్లాగే కూర్చున్నాను. జనం పోయినారు, పారలు పోయినాయి, మంచం మోసేవాళ్ళు వచ్చి లెయ్యక్కా అన్నారు. వాళ్ళు లాగితే లేచినా. తట్టు మాత్రం పడలేదు. ఇంతవరకూ పడలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా కుడిభుజం బరువుగానే ఉంది.