ఈయేడు మళ్లీ కొంతావేటి?

మా మనవరాలు ఇంటరు పాసై, నేరశాస్త్రం చదువుతానంటూ నున్నటి కాగితాల పుస్తకమొకటి తెచ్చి నా ఒళ్లో పెట్టినప్పుడు నేను మొదట చేసింది దాన్ని చదవడం కాదు, బొటనవేలితో అట్టను రుద్ది చూడడం. గజపతినగరంలో నలభై ఏళ్లు గోగునార, చింతపండు కొని అమ్మినవాడికి పైమెరుపు కనబడగానే లోపలి తడి మీదకి మనసు పోతుంది. ఆ రోజుల్లో వ్యాపారం చేసిన నా ఈడువాళ్లు ఎవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. అట్ట మీద తెల్లకోటు తొడుక్కున్న ఒకమ్మాయి భూతద్దం పట్టుకుని నవ్వుతోంది. ఆ కాలేజీలోనే చదివి, చదువవుతూనే ఉద్యోగం సంపాదించుకుందని కింద రాశారు. ఏం ఉద్యోగమో మాత్రం రాయలేదు.

కాలేజీ భోగాపురం అవతల, హైవే పక్కన. విమానాశ్రయం వస్తోంది కాబట్టి నేరాలు పట్టేవాళ్లకి గిరాకీ ఉంటుందని ఆ పుస్తకం చెబుతోంది. ఆ విమానాశ్రయం పేరు చెప్పి మా జిల్లాలో ఇళ్ల స్థలాలు అమ్మారు, కొబ్బరితోటలు అమ్మారు, ఇప్పుడు చదువులు అమ్ముతున్నారు. మూడేళ్ల ఫీజుకీ హాస్టలుకీ బ్యాంకు అప్పిస్తుందట, చదువుతున్నంత కాలం పైసా కట్టక్కర్లేదట. పిల్ల చదువుకుంటూంటే వడ్డీ ఊరికే కూర్చోదు, అదీ పెరుగుతూనే ఉంటుందన్న ముక్క ఎక్కడా లేదు. అంత అప్పుకి హామీగా మా కొట్టు కాగితాలు పెట్టాలి. కొట్టు ఇప్పుడు మా అబ్బాయి నడుపుతున్నా కాగితాలు నా పేరునే ఉన్నాయి. ఆ కొట్టు తప్ప మాకు వేరే ఆధారం లేదు. కాబట్టి ఇంటిల్లిపాదీ నా సంతకం కోసం నా మొహం చూస్తున్నారు, నేనేమో ఆ నవ్వే పిల్ల మొహం చూస్తున్నాను.

అప్పుడే మా నాన్న గుర్తొచ్చాడు. సంతరోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి గోగునార బళ్ల మీద వచ్చేది, కట్ట పైనంతా బంగారంలా మెరిసేది, నడుమ మాత్రం తూకం కోసం నీళ్లు జల్లి, కొందరైతే ఇసుక కూడా వేసి తెచ్చేవారు. నాన్న ఎవరితోనూ గొడవ పెట్టుకునేవాడు కాదు, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా కట్టలోకి దూర్చి, వేళ్లు బయటికి తీసి వాసన చూసి, అప్పుడు ధర చెప్పేవాడు. కొత్త మనిషి దగ్గర సరుకు కొనాల్సి వస్తే అంతకు ముందేడు అతని దగ్గర కొన్న వ్యాపారి ఎవరో కనుక్కుని, వాళ్ల అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ కాసేపు కూర్చుని వచ్చేవాడు. అక్కడ ఏం అడగాలో నాకు మీసాలు రాకముందే నేర్పాడు.

"సరుకెలాగున్నాదని అడక్కురా. మోసపోయానని ఎవుడు సెప్తాడు? ఈయేడు మళ్లీ కొంతావేటని అడుగు. అడిగి, ఆడి మొకం సూడు."

ఈ సూత్రం మా నాన్న చివరికి నా చదువు మీద కూడా ప్రయోగించాడు. డిగ్రీ అయ్యాక నాకు ప్లీడరు చదువు మీద గాలి మళ్లింది, నల్లకోటు కలలోకి వచ్చేది. నాన్న కాదనలేదు, అవుననలేదు, రాయగడ నుంచి వచ్చే పాసింజరెక్కించి విజయనగరం కోర్టుకి తీసుకుపోయాడు. అక్కడ నాలుగైదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న కుర్ర ప్లీడరొకాయన దొరికితే, కాళ్ల చెప్పుల నుంచి కోటు కాలరు దాకా ఆయన్ని పరీక్షగా చూసి, మీ తమ్ముణ్ణి ఈ చదువులో పెడతారా బాబూ అని అడిగాడు. ఆయన క్షణం ఆలోచించలేదు, వద్దండీ, కడుపు నిండదు అనేశాడు. నాన్న దండం పెట్టి నన్ను వెనక్కి తిప్పాడు, ఆ సోమవారం నుంచి నేను కొట్లో కూర్చున్నాను. తరవాత రెండేళ్లకో మూడేళ్లకో, బాకీ ఎగ్గొట్టిన ఒక షావుకారు మీద దావా వేయడానికి అదే కోర్టుకి వెళితే, ఆ ప్లీడరు పక్కనే కొత్త నల్లకోటులో ఆయన తమ్ముడు నిలబడి ఉన్నాడు! ఒళ్లు మండిపోయి ఇంటికొచ్చి చెబితే మా నాన్న నవ్వాడు.

"ఆడు మనకంటే పెద్ద యాపారస్తుడురా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పటి నుంచి నాకు పొగిడేవాడి మీదా నమ్మకం లేదు, వద్దనేవాడి మీదా లేదు. మా మనవరాలి విషయంలో కూడా నా పేచీ అదే. ఆ పుస్తకంలో 'అత్యధిక జీతం' అని పెద్ద అక్షరాలతో ఉంది. అది కట్ట పైన కనబడే నార, నాకు కావలసింది నడుమ ఉన్నది. చివరికి మనమే వెళ్లి చూద్దాం పదమ్మా అని మనవరాల్ని తీసుకుని బయల్దేరాను.

కాలేజీ చల్లగా ఉంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి, కూర్చోగానే చల్లటి పానీయం ఇచ్చారు. మా రోజుల్లోనూ పాడుసరుకు అంటగట్టాలనుకున్న కొట్లోనే సోడా ముందు వచ్చేది. చేరే పిల్లలతో మాట్లాడడానికి ఒకమ్మాయి వచ్చి మా ఎదురుగా కూర్చుని దరఖాస్తు, పెన్ను నా ముందు పెట్టింది. ఆమె ఏదో చెప్పుకుపోతుంటే మా మనవరాలు నా మోచెయ్యి గిల్లి, చెవిలో అంది.

"అట్ట మీద అమ్మాయి ఈవిడే తాతా. ఫొటోలో మొహం మార్చేశారు గానీ, చెవులు మార్చలేదు. చెవులు సూడు."

చూశాను. అవే చెవులు. నాకు ఆ నిమిషాన గర్వమూ గుబులూ ఒక్కసారే కలిగాయి. ఈ పిల్ల ఆ చదువుకే పుట్టింది, సందేహం లేదు, నా సందేహమంతా అమ్మేవాడి మీదే. మెల్లగా ఆ అమ్మాయితో మాట కలిపాను. భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరట వాళ్లది, తండ్రి చేపల వేటకెళతాడట, ఇంట్లో ఒక చెల్లెలుందట. ఈ చదువు చదివినవాళ్లని పోలీసుల్లోకి నేరుగా తీసుకోరనీ, అందరితోపాటు పరీక్ష రాయాల్సిందేననీ చదివాక తెలిసిందట. కాలేజీ వాళ్లే ఇక్కడ కూర్చోబెట్టారు. అట్ట మీద రాసిన ఉద్యోగం ఇదే. జీతం పద్దెనిమిది వేలు, అందులో పదకొండు వేలు బ్యాంకు కిస్తీకి పోతుందని ఎవరూ వినకుండా చెప్పింది. అప్పుడు నేను మా నాన్న ప్రశ్న అడిగాను, మీ చెల్లెల్ని కూడా ఇందులోనే వేశారా అమ్మా అని.

ఆ పిల్ల ఆ ప్లీడరులా టక్కున జవాబు చెప్పలేదు. బల్ల వైపు చూసి, నా ముందు పెట్టిన పెన్ను తీసుకుని, మూత పెట్టి, తన వైపు జరుపుకుంది.

"మా సెల్లి నర్సింగు సదువుతన్నాదండి" అంది, మేం లేచాక.

తిరుగు బస్సులో మా మనవరాలు ఏడవలేదు, నాతో పోట్లాడనూ లేదు. విజయనగరం దగ్గరవుతుండగా కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి ఒకే ఒక మాట అడిగింది.

"మళ్లీ పుడితే ఈ కొట్టే పెడతావేటి తాతా?"

నారకట్టలోకి చెయ్యి దూర్చినట్టు ఆ ప్రశ్న నా నడుమ దాకా దిగింది. జూటు మిల్లులు మూతబడడం, గోగునార పంట పోవడం, తరవాత చింతపండుతో ఎలాగో నెట్టుకురావడం, ఇనప్పెట్టె వెనక మేకుకి ఎన్నడూ తగిలించని ఆ నల్లకోటు, అన్నీ కళ్లముందు తిరిగాయి. నేనూ ఆ అమ్మాయిలాగే బల్ల వైపు చూసేవాణ్ణే, బస్సులో బల్ల లేదు కాబట్టి నా చేతుల వైపు చూసుకున్నాను. మా మనవరాలికి కావలసిన జవాబు అందులోనే దొరికింది.

తరవాత అదే వెతికి పట్టుకుంది, ఆ చదువే పక్క రాష్ట్రంలో ఒక సర్కారు కాలేజీలో ఉంది. అక్కడి హాస్టలు గోడలు పెచ్చులూడిపోయాయి, ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరూ అనలేదు, అప్పు మాత్రం భోగాపురం కాలేజీకి కావలసినదాంట్లో నాలుగో వంతు చాలు, కొట్టు కాగితాలు అక్కర్లేదు, నా హామీ సంతకం ఒక్కటే చాలన్నారు బ్యాంకువాళ్లు. ఎవరూ ఏ హామీ ఇవ్వకపోవడమే నాకు నచ్చింది. అయినా అనుమానం పోయిందని చెప్పను. చదువయ్యాక ఏం తింటుంది, ఎలా తీరుస్తుంది అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

మా నాన్న రోజుల్లో పోయినేడు కొన్నవాడు పక్క అరుగు మీదే ఉండేవాడు, వెళ్లి అడిగేవాళ్లం, వాడు అబద్ధమాడినా ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేవాడు. ఇప్పుడు పోయినేడు కొన్నవాణ్ణే కొట్లో కూర్చోబెట్టి ఈయేటి సరుకు అమ్మిస్తున్నారు, వాడి అప్పు తీరాలంటే ఇంకొకడు అప్పు చేయాలి. అందుకని బ్యాంకులో పెన్ను నా చేతికిచ్చిన రోజున నేను ఎవర్నీ ఏమీ అడగలేదు, పక్కన నిలబడ్డ పిల్ల మొహం మాత్రం చూశాను. అది నా మొహం చూడడం లేదు, గుమాస్తా చెవుల వైపు చూస్తోంది. సంతకం పెట్టేశాను. చెయ్యి దూర్చి చూడకుండా నేను కొన్న సరుకు, నా జన్మలో అదొక్కటే.