తోమి పంపిన బిందె

మా మామ మీద ఒక కంపెనీ కేసు వేసింది. చిన్నాచితకా కంపెనీ కాదు. ఇనుము, రాగి, సత్తు, తీగలు, రేకులు, గిన్నెలు అన్నీ చేసే కంపెనీ. రైలు నేరుగా దాని గేటులోపలికే పోతుందని, ఆ మూల నుంచి ఈ మూలకు పోవాలంటే మోటారు ఎక్కాల్సిందేనని చెప్పుకునేవారు. మా మామకు ఉన్నవి ఒక కొలిమి, సుత్తె దెబ్బలు తినడానికి ఒక దాగలి, రెండు సుత్తెలు, ఎప్పటికీ తగ్గని దగ్గు. అంతటి కంపెనీకి ఈయన వల్ల నష్టం జరుగుతోందట. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎంత గొప్ప ఇంట్లో పడ్డానో అప్పుడే తెలిసింది.

మాది పెద్దపల్లి దగ్గర కంచరి ఇల్లు. మామ ఇత్తడి బిందెలు చేసేవాడు. ప్రతి బిందె మెడ కింద, వేలెడంత ఇనుప అచ్చుతో ఒక తాబేలు ముద్ర కొట్టేవాడు. ఆయన తండ్రి కూడా అదే అచ్చుతో కొట్టాడు. జమ్మికుంట అంగడిలో ఆడవాళ్లు బిందె మెడ కింద బొటనవేలితో తడిమి, తాబేలు తగిలితేనే బేరం మొదలుపెట్టేవారు. కంపెనీ సత్తు గిన్నెల మీద కూడా తాబేలే ఉంది. ఆ తాబేలు తమ సొంతమని, మా మామ దాన్ని దొంగిలించి జనాన్ని మోసం చేస్తున్నాడని వాళ్ల దావా. ఇత్తడికీ సత్తుకూ తేడా తెలియని ఆడది మా జిల్లాలో ఎక్కడుందో కంపెనీ వాళ్లే వెతికి పట్టుకోవాలి.

నోటీసు ఉర్దూలో వచ్చింది. అప్పటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవడం రాదు కనుక, తెచ్చిన కోర్టు అమీనే గుమ్మంలో నిలబడి చదివి, అర్థం చెప్పి, చాయ్ తాగి పోయాడు. కేసు తేలేదాకా మామ తాబేలు కొట్టకూడదు.

"మరి ఆళ్లు కొట్టొచ్చునా?" అని మామ కరీంనగర్ పోయి మా వకీలును అడిగాడు.

"కొట్టొచ్చు. దావా ఏసింది ఆళ్లు గదా."

"గట్లయితే ముందుగాల మనమే ఏస్తే అయిపోతుండె."

వకీలు నవ్వాడు. మామ నవ్వలేదు. ఇంటికొచ్చి అచ్చును గుడ్డలో చుట్టి దూలం సందులో పెట్టాడు. ఆ తర్వాత బిందె పూర్తయిన ప్రతిసారీ తలెత్తి దూలం వంక చూసేవాడు. అంగడిలో ఆడవాళ్లు మెడ కింద తడిమి, ఏమీ తగలక, బిందెను కింద పెట్టి పోయేవారు. "గిది ఆ ముసలాయన చెయ్యి గాదు" అని ఒకామె, ఆయనెవరో తెలియక, ఆయన ముందే అన్నది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఆయనకు కంపెనీ మీద గెలవాలని కూడా లేదు. మళ్లీ ఆ ముద్ర కొడితే చాలు.

మా తాబేలు కంపెనీ కంటే ముందుదని చూపించడానికి ఒక్క సాక్ష్యం దొరికింది. అది మా అత్త బిందె. అత్త పుట్టిల్లు బోథ్. అక్కడ తల్లిని ఆయి అంటారు. ఆమె ఇంకా పిల్లగా ఉన్నప్పుడే, ఆమె తల్లి ఒక జాతరలో మామ తండ్రి దగ్గర ఆ బిందె కొన్నది. తర్వాత ఆ బిందె పనితనం చూసే ఈ సంబంధం కలుపుకున్నారట. మనిషిని కూడా ఒకసారి చూసి ఉంటే బాగుండేదని అత్త మామ వినేటట్టే అనేది.

బిందెను కోర్టులో పెట్టమన్నాడు వకీలు. అది ఎంత పాతదో జడ్జి తన కళ్లతో చూడాలని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. దాన్ని మా అత్తకు విడమరచి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మా ఇంట్లో తోమని పాత్ర గడప దాటదు. ఖాళీ పాత్ర అసలే దాటదు. పేషీ రోజు పొద్దున అత్త చింతపండు, ఇటుకపొడి ముందేసుకొని కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టింది. నొక్కుల్లో పేరుకున్న మకిలిని పుల్లతో తీయించింది. మామ తానేం తక్కువ తిన్నాడని, సొట్టలన్నీ సుత్తెతో సరిచేశాడు. చివరికి అందులో పిడికెడు బియ్యం పోసి, కొత్త గుడ్డ కట్టి, అత్త దాన్ని ఒళ్లో పెట్టుకొని బస్సెక్కింది.

కోర్టు గుమాస్తా గుడ్డ విప్పి, బియ్యం చూసి, జడ్జిని చూశాడు. ఆఖరికి ఇత్తడి బిందె ఒకటి, అందులో బియ్యం కొంచెం అని రాసుకున్నాడు. కంపెనీ వకీలు హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. బిందె దగ్గరికొచ్చి, అందులో తన ముఖం చూసుకొని, కాలరు సర్దుకొని జడ్జి వైపు తిరిగాడు. ఇది తాతలనాటి బిందె అంటున్నారు హుజూర్, చూస్తే మొన్ననే ఈ కేసు కోసం చేసినట్టుంది, అని ఉర్దూలో అన్నాడు. గుమాస్తా అదీ ఉర్దూలోనే రాసుకున్నాడు.

"అవ్వా, గా బిందె నిన్ను తోమమన్నదెవలు?" అన్నాడు మా వకీలు వరండాలోకి వచ్చాక.

"మాసిన బిందె జడ్జి సాబ్ ముంగట పెట్టాల్నా? మా ఇంటి ఇజ్జత్ ఏం గావాలె?"

"గా మాసుడే గదా మనకు గావాల్సింది."

ఇట్లాంటి మనిషి చేతిలో కేసు పెట్టామే అన్నట్టు అత్త మామ వైపు చూసింది.

బిందెను కోర్టు మాల్‌ఖానాలో వేసి తాళం పెట్టారు. మరి ఇంట్లో నీళ్లకేం చేయాలి? ఇత్తడి రేకు దొరకడమే గగనంగా ఉన్న రోజులు. మామ చేసిన ప్రతి బిందే అంగడికి పోవాల్సిందే. అందుకని అత్త ఒక సత్తు బిందె కొన్నది. చవకగా, తేలిగ్గా ఉండి, ఊరూరా దొరికేది ఆ కంపెనీదే. తాబేలు ముద్రతో సహా అది మా వంటింట్లో కూర్చుంది. కేసు నడిచినన్నాళ్లూ మామ ఆ నీళ్లే తాగాడు. కోర్టులో ఒక తాబేలుతో కొట్లాట, ఇంట్లో దానితోనే కాపురం.

ఇక పేషీలు మొదలయ్యాయి. జడ్జి సెలవులో ఉన్నాడని ఒకసారి, కంపెనీ కాగితాలు ఇంకా బయలుదేరలేదని ఒకసారి, మా వకీలు మరదలి పెళ్లని ఒకసారి. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆ సంబరానికి ఒక వాయిదా. కోర్టులో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. దానికి ఎన్ని వాయిదాలో లెక్కే లేదు. మా ఆయన బొగ్గుబాయి పనికి పోవడంతో, ముసలివాళ్లిద్దరి వెంట బస్సులో నేనే తిరిగాను. ఎప్పుడు పోయినా అత్త మాల్‌ఖానా కిటికీలోంచి తొంగి చూసేది. లోపల చీకటి తప్ప ఏమీ కనిపించేది కాదు.

ఈలోగా ముద్ర లేని బిందెలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. పాత గిన్నెలకు అతుకులు వేసే పని మాత్రం మిగిలింది. చివరికి అదీ అప్పుడప్పుడే. అయినా మామ అచ్చును దించి, నూనె రాసి, మళ్లీ దూలం సందులో పెట్టడం మానలేదు.

ఎట్టకేలకు విచారణకు వచ్చింది. జడ్జి కొత్తాయన, కోస్తా నుంచి వచ్చాడు. కంపెనీ వకీలు కూడా కొత్తవాడే, కుర్రవాడు. బంట్రోతు బిందెను తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాల్‌ఖానా కప్పు ఎన్ని వానలకు కారిందో గానీ, బిందె నల్లబడి, పచ్చటి చిలుం పట్టి, కింద పడి సొట్టలు పోయి, మూతి నిండా సాలెగూడుతో ఉంది. బియ్యాన్ని ఎలుకలు ఎప్పుడో విచారించి తీర్పు ఇచ్చేశాయి.

"అమ్మా, ఇది మీ బిందేనా?" అని అడిగాడు జడ్జి.

అత్త దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"కాదు సాబ్" అన్నది.

మా వకీలు తల పట్టుకున్నాడు. మామ ముఖంలో నెత్తురు లేదు.

"మా ఇంట్ల బిందె గిట్లుండది" అంటూనే అత్త చేయి చాచి, అలవాటుగా మెడ కింద బొటనవేలితో తడిమింది. వేలు ఒకచోట ఆగింది. గోటితో చిలుం గీకింది. ఆమె కళ్ల నీళ్లు బల్ల మీద పడ్డాయి. "మాదే సాబ్. మా ఆయి కొన్నదే. గిట్ల జేసిండ్రా దీన్ని?"

జడ్జి కళ్లద్దాలు పెట్టుకొని, చేతిరుమాలుతో బిందెను ముట్టుకొని చూశాడు. చాలా పాతదని ఆయనే అన్నాడు. అప్పట్లో అది కొత్తదని కంపెనీ చెప్పిన మాట కాగితాల్లో భద్రంగా ఉంది, కాని ఉర్దూలో. కుర్ర వకీలుకు ఉర్దూ రాదు. తర్జుమా కోసం ఇంకో వాయిదా అడిగాడు. అన్నేళ్లలో మొదటిసారి ఒక జడ్జి వాయిదా ఇవ్వనన్నాడు. మేం గెలిచాం. న్యాయం ఆలస్యమవుతుందని అందరూ తిడతారు గానీ, మా కేసులో ఆ ఆలస్యమే మాకు సాక్ష్యం చెప్పింది.

"అవ్వా, కంపెనోళ్లు అప్పీలుకు పోవచ్చు. గప్పటిదాక బిందె తోమకు. జర సబర్ పట్టు" అని బిందె చేతికిస్తూ చెప్పాడు వకీలు.

ఇంటికి రాగానే మామ కాళ్లయినా కడుక్కోలేదు. దూలం సందులోంచి అచ్చు దించాడు. గుడ్డ విప్పి ఇల్లంతా చూశాడు. కొట్టడానికి ఇంట్లో ఒక్క కొత్త ఇత్తడి బిందె లేదు, రేకు ముక్క లేదు. కోర్టు నుంచి వచ్చినదానికి ముద్ర ఉండనే ఉంది. వంటింట్లోంచి సత్తు బిందె తెచ్చి, నీళ్లు పారబోసి, దాగలి మీద పెట్టాడు.

"ఏం జేస్తున్నవయ్యా?" అన్నది అత్త.

"ముద్ర కొడుతున్న."

కంపెనీ తాబేలు పక్కనే అచ్చు ఆనించి, సుత్తెతో ఒక్క దెబ్బ వేశాడు. ఇత్తడికి అలవాటైన చెయ్యి. పల్చటి సత్తు. అచ్చు నేరుగా లోపలికి దిగిపోయింది. మామ బిందెను ఎత్తి, ఆ చిల్లులోంచి వెలుతురు చూశాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, మోకాళ్ల మీద తల పెట్టుకొని ఏడ్చాడు. గెలిచిన మనిషి అట్లా ఏడవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అత్త లోపలికి పోయి చింతపండు నానేసి, ఇటుకపొడి తెచ్చి, నల్లబడ్డ బిందెను ముందేసుకుంది.

"అత్తా, వకీలు సాబ్ తోమద్దన్నడు గదా" అన్నాను.

"నీళ్లు దేంట్ల దేవాలె మరి? అప్పీలు వస్తె రానియ్."

నేనూ కూర్చున్నాను. పొట్ట మీద నల్లటిది ఊడి, కింద పసుపు తేలుతోంది. మామ ముఖం తుడుచుకొని వచ్చి మా దగ్గర కూర్చున్నాడు. గట్టిగా తోమలేదని ఆయన మమ్మల్ని తిట్టని రోజు లేదు. అత్త చేయి మెడ కిందికి పోయేసరికి ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"గక్కడ జర మెల్లగ. ముద్ర అరుగుతది" అన్నాడు.