ఆరున్నరకి వచ్చేవాడు

2023 వానాకాలం. మణికొండలో నాది చిన్న కంప్యూటర్ షాపు. పార్టులు అమ్ముతాను, కావాలన్నవాళ్లకు డెస్క్‌టాప్ అసెంబుల్ చేసి ఇస్తాను. అంటే విడి పార్టులన్నీ ఒక క్యాబినెట్‌లో బిగించి మెషీన్‌గా నిలబెట్టడం. సుజాతగారు మాత్రం నాతో చేయించుకోలేదు. ఆవిడది రాజమండ్రి, ఉద్యోగం గచ్చిబౌలిలో. పార్టులు నా దగ్గర కొని, వీడియోలు చూసుకుంటూ తనే బిగించుకున్నారు. ఒకసారి షాపుకు తెచ్చి చూపించారు. ఒక్క స్క్రూ తప్పు లేదు.

ఆ కంప్యూటర్ వాళ్ల నాన్న యోహానుగారి కోసం. ఆయనకు చూపు లేదు. పొద్దున్నే చేత్తో తడిమి బటన్ నొక్కి, దానితో బైబిల్ చదివించుకుని వింటారు.

పది రోజులకు ఆవిడ ఫోన్ చేశారు. "ఏమండీ, పెట్టె ముట్టుకుంటే లోపల ఎవరో వేలు పట్టుకుంటున్నారంటున్నారు మా నాన్నగారు. రోజూ ఆరున్నరకేనట. తర్వాత నేను ముట్టుకుంటే ఏమీ లేదు."

షాపు నిండా జనం. "స్టాటిక్ షాక్ అయి ఉంటది మేడం, ఫికర్ చేయకుండ్రి. చెప్పులేసుకోమనుండ్రి" అని పెట్టేశాను.

వారం తర్వాత మళ్లీ ఆవిడే, గొంతు బాగా తగ్గించి. ఆన్‌లైన్ గ్రూపులో అడిగితే ప్లగ్గుకున్న లావు పిన్ను కోసేయమన్నారట. కోసేశారట.

"ఆగిందా?"

"కంప్యూటర్‌లో ఆగిందండీ. కానీ వాషింగ్ మెషీన్‌లోకి మారాడంటున్నారు. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా వస్తున్నాడట."

ఆ లావు పిన్ను ఎర్తింగ్‌ది. లోపల కరెంటు లీకైతే మనిషిని తాకకుండా నేలలోకి దింపే దారి అది. స్విచ్ ఆపినా ఆ ఎర్తింగ్ తీగ మెషీన్ ఒంటిని అంటుకునే ఉంటుంది.

"ఎవరూ దాన్ని ముట్టకుండ్రి. రేపు పొద్దున్నే వస్త."

ఆరుంబావుకల్లా వెళ్లాను. వంటింటి వెనక, అప్పుడే కడిగిన నేల మీద యోహానుగారు ఉత్తకాళ్లతో నిలబడి ఉన్నారు. ఆయన్ని పక్కకు జరిపి, కరెంటు కొలిచే మల్టీమీటర్ వైరు ఒకటి మెషీన్ వెనక స్క్రూకి, ఇంకోటి సాకెట్‌లో న్యూట్రల్‌కి పెట్టాను. దాదాపు సున్నా. ముగ్గురం ఆరున్నర కోసం ఎదురుచూశాం.

ఆయన ముఖం పైకెత్తారు. గోడలో పైపు వెంట నీళ్లు కదిలిన చప్పుడు.

"వచ్చేశాడు బాబూ."

మీటర్‌లో అంకె లేచింది. ఇరవై. డెబ్బై. నూట నలభై వోల్టులు. మెషీన్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. ఇన్నేళ్లు కరెంటుతో పనిచేసినవాణ్ణి, ఒక క్షణం నాకూ అక్కడ ఎవరో ఉన్నారనిపించింది. ఆయన చేయి చాచారు. మణికట్టు పట్టుకుని ఆపాను.

"ఎవరు బాబూ?"

"మనిషి కాదు సార్, కరెంటు."

నీళ్ల చప్పుడు పైనుంచే వచ్చింది గనక పైఫ్లాటుకు పరుగెత్తాను. స్నానానికని గీజర్ వేశారు. ఆపించాను. కింద సుజాతగారు మీటర్ చూసి, సున్నాకి వచ్చిందన్నారు.

మధ్యాహ్నానికి ఎలక్ట్రీషియన్ అసలు సంగతి తేల్చాడు. సెల్లార్‌లో టైల్స్ వేసేటప్పుడు బిల్డింగ్ ఎర్తింగ్ తీగ తెగిపోయింది. గీజర్‌లో లీకైన కరెంటుకు నేలలోకి దారి లేక, ఆ తీగ వెంటే కింది ఫ్లాట్లలోని వస్తువుల్లోకి పాకింది. పిన్ను కోసినందువల్ల కంప్యూటర్ ఒక్కటి తప్పించుకుంది.

"తడి కాళ్లతోని గట్టిగ పట్టుకుంటే పెద్దాయన దక్కకపోతుండె" అన్నాడతను.

నేను బయల్దేరుతుంటే యోహానుగారు నెమ్మదిగా అడిగారు. "నాకు మతి పోయిందనుకున్నారు కదూ మీరంతా?"



గ్రూపువాళ్ల సలహా తప్పే. కానీ అది పనిచేసింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్లకంటే ముందు చూడకుండా సలహా ఇచ్చింది నేను. ఇప్పుడు సొంతంగా బిగించుకుంటామని వచ్చేవాళ్లకు పార్టుల కంటే ముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోమని చెప్తాను. ఎవరైనా ఫోన్‌లో నమ్మశక్యం కాని మాట చెబితే మధ్యలో ఆపను. చివరిదాకా విని, ఇల్లెక్కడో అడిగి, మీటర్ తీసుకుని వెళ్తాను.