జమీందారుకు గురువు కావాలి

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో కుక్కను పెంచే సాహసం చేసిన మొదటి మనిషి కల్యాణవల్లి. బాలికల హైస్కూల్లో లెక్కలు చెప్పేది. పెళ్ళి చేసుకోమంటే చేసుకోలేదు, ఉద్యోగం మానమంటే మానలేదు. కాబట్టి నలభై దాటాక ఆమె కుక్కపిల్లను తెచ్చుకున్నప్పుడు వీధికి కోపం వచ్చిందే కానీ ఆశ్చర్యం కలగలేదు.

ఆ పిల్లకు ఆమె పెట్టుకున్న పేరేదో ఉండేది. అది ఎదిగాక వీధి దానికి జమీందారు అని పేరు మార్చింది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా తాతలనాటి ఆస్తి అన్నట్టు తిరిగేది. దారిన పోయేవాళ్ళను పంచె పట్టుకుని నిలదీసేది. డెబ్బై ఎనిమిది వేసవి నాటికి అది ఒక పాలవాణ్ణీ, ఒక పోస్టుమేన్‌నూ, చివరికి గుడిలో ప్రబంధం పారాయణ చేసే యతిరాజులు గారినీ విచారించింది. మొదటి ఇద్దరి సంగతీ వీధి పట్టించుకోలేదు. యతిరాజులు గారి పిక్క మాత్రం వీధి మొత్తానికీ చెందిన పిక్క.

బొడ్డుచుట్టూ సూదులు వేయించుకుని వచ్చిన యతిరాజులు గారు అరుగు మీద కాలు చాపుకుని తీర్పు చెప్పారు.

"వైశాఖం ఉత్సవాలకు ముందు మునిసిపాలిటీ కుక్కల బండి వస్తాది కల్యాణం. నువ్వే పట్టి ఇచ్చేస్తే గౌరవంగా ఉంటాది."

"ఎవురి గౌరవం మామా?"

"వీధిదమ్మా!"

"అట్లయితే వీధినే బండెక్కించండి. నా కుక్క ఎక్కదు."

బండెక్కిన కుక్క తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు. మాటైతే అనేసింది కానీ, జమీందారుకు బుద్ధి చెప్పే గురువు ఉత్సవాల లోపల దొరక్కపోతే ఆ మాట నిలవదని కల్యాణవల్లికి ఇంట్లోకి వెళ్ళాక తెలిసింది.

మొదటి గురువు చిత్తూరు నుంచి వచ్చిన కుప్పుస్వామి. పోలీసు కుక్కల దళంలో చేసి రిటైరైన మనిషి. తన ఘనతకు సాక్షిగా తన ఆల్సేషన్‌ను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"మూడు దినాలు కూడు పెట్టబాకండి మేడం. నాలుగో దినం పాకతా వస్తాది నా కాడికి," అంటూ తల గోక్కోవడానికి చెయ్యెత్తాడు. అంతే, ఆల్సేషన్ నేలకు కరుచుకుపోయి ఉచ్చ పోసింది.

కల్యాణవల్లి ఆయనకు కాఫీ ఇచ్చి, బస్సు ఖర్చులిచ్చి, వాకిలి చూపించింది. "మా బళ్ళోనూ ఉండారప్పా, ఇట్లా నేర్పే అయ్యోర్లు. వాళ్ళ కాడ ఒక్క పిల్లకీ లెక్కలు రాలా."

ఆనాటినుంచి గురువుల మాటలు వినడం మానేసి, గురువుల కుక్కలను చూడటం మొదలుపెట్టింది. చంద్రగిరిలో తాయెత్తులు కట్టే ఆయన ఇంటికి వెళితే, ఆయన కుక్క గేటు దగ్గరే ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. దాని మెడలో తాయెత్తుల దండే ఉంది.

ఐరాలలో దేవకమ్మది బెల్లం గానుగ. ఆమె కుక్కలు దారికడ్డంగా పడుకునుంటే బండ్లవాళ్ళు వాటిని దాటుకుంటూ తిరుగుతున్నారు. ఎవడో కొత్తవాడు బెల్లం అచ్చు మీద చెయ్యి వేయగానే ఒక కుక్క లేచి నిలబడింది. దేవకమ్మ "ఊఁ" అంది. కుక్క మళ్ళీ పడుకుంది.

"నా పేరు చెప్తే ఈ చుట్టుపక్కల పులి కూడా లేచి నిలబడతాది అయ్యోరమ్మా," అంది దేవకమ్మ. అణకువ ఆవిడ దరిదాపులకు వచ్చిన దాఖలాలు లేవు. కానీ కుక్కలు సరిగ్గా ఉన్నాయి. కల్యాణవల్లి ఆవిణ్ణి తిరుపతికి తీసుకొచ్చింది.

దేవకమ్మ పెరట్లో పీట వేసుకుని ఒక పూటంతా ఊరికే చూసింది. తర్వాత అడిగింది.

"దీన్ని ముట్టుకునేదెవురు?"

కల్యాణవల్లి తన రోజును తలుచుకుంది. తెల్లవారగానే స్నానం, మడి, వంట, పెరుమాళ్ళకు ఆరగింపు. తర్వాతే కుక్కకు అన్నం, అదీ గిన్నెను కర్రతో ముందుకు నెట్టి. వీధిలో మగవాళ్ళు మడితో పోతూ అది ఎదురైతే ఎగిరి గంతేసి, ఛీ ఛీ అని అరిచి, చెంబులో నీళ్ళు దాని మొహాన కొట్టేవాళ్ళు. వీధినంతా ఎదిరించి తెచ్చుకున్న కుక్కను వీధి పద్ధతిలోనే పెంచింది తను.

"మనిషంటే గంతేసి, అరిసి, నీళ్ళు కొట్టేదని నేర్సుకునింది పాపం. నేనైనా కరుస్తా," అంది దేవకమ్మ.

"మీరు నేర్పండి దేవకమ్మా."

"నేను నేర్పితే నా మాట వింటాది. ఐరాలకి తోలకపోమంటావా? చెయ్యి వెయ్యి. ఈదిలో, ఆ చెంబులు తిరిగే పొద్దప్పుడే."

మర్నాడు కల్యాణవల్లి తడి జుట్టు ముడేసుకుని, మడిచీరతోనే జమీందారు మెడ మీద చెయ్యి వేసింది. అది గుర్రుమంది. ఆమె చెయ్యి తీయలేదు. పక్కన దేవకమ్మ బెల్లం ముక్క చప్పరిస్తూ నిలబడింది, ఏమీ చేయకుండానే బోలెడు చేస్తున్నట్టు. వారం గడిచేసరికి తాడు పట్టి వీధిలో నడిపించింది. గంతులు వచ్చాయి, ఛీ ఛీలు వచ్చాయి. ప్రతి గంతుకూ కుక్క వణికేది, ఆమె చెయ్యి దాని మెడ మీదే ఉండేది. ఇంటికి వచ్చి మళ్ళీ స్నానం చేసి వంట మొదలుపెట్టేది.

"పెరుమాళ్ళకు వండే చేత్తో కుక్కనా?" అన్నారు అరుగు మీద యతిరాజులు గారు.

"చెయ్యి కడుక్కుంటే పోతాది మామా. మీ పిక్క మీది గాటు కడుక్కుంటే పోయిందా?"

బండి రానే వచ్చింది. ఇనుప ఉచ్చు పట్టుకుని ఒకడు దిగి, అప్పుడే చెంబుతో వీధిలోకి వచ్చిన యతిరాజులు గారిని అడిగాడు. "కరిసే కుక్క యాడుండాది సామీ?"

యతిరాజులు గారు తల తిప్పారు. ఎదురుగా కల్యాణవల్లి, తాడు, జమీందారు. వేలు చూపించవలసిన మనిషి అలవాటు చొప్పున ముందు గంతేశారు, తర్వాత ఛీ అన్నారు, ఆ తర్వాత చెంబు నీళ్ళు విసిరారు. నీళ్ళు కుక్క మొహాన పడ్డాయి.

కల్యాణవల్లి అరచేతి కింద దాని మెడ బిగుసుకుంది. ఆమె అడుగు వెనక్కి వేయలేదు. జమీందారు పళ్ళు బయటపెట్టి, ఒకసారి ఆమెకేసి చూసి, పళ్ళు లోపలికి పెట్టుకుని, ఒళ్ళంతా దులుపుకుంది. ఆ తుంపరలు యతిరాజులు గారి మీద పడ్డాయి.

"ఇదేనా సామీ కరిసేది?" అన్నాడు బండివాడు, ఉచ్చు దించి.

యతిరాజులు గారు తడిసిన ఉత్తరీయాన్ని పిండుకోవడంలో పడ్డారు. బండివాడు ఉచ్చు మడిచి బండెక్కాడు. బండి వెళ్ళిపోయాక ఆయన అరిచారు.

"నా మడి పోయింది. రేపు మళ్ళీ దరఖాస్తు పెడతా!"

"పెట్టండి మామా," అంది కల్యాణవల్లి, తాడు సవరించుకుంటూ. "రేపు కూడా ఈ పొద్దుకే ఇట్లనే వస్తాం."