ఇటుక రంగు టాపులో పెళ్లిచూపులు

నన్ను చూడ్డానికి వచ్చిన కాబోయే అత్తగారికి నేనే నిలబడి చీరలు చూపించి, మళ్లీ మడతలు పెట్టి, నా మీద ఆమె చెప్పిన ఫిర్యాదులన్నీ తలూపుతూ విన్నాను. ఇంతకంటే ఘోరమైన పెళ్లిచూపులు మీలో ఎవరికైనా జరిగుంటే చెప్పండి, లేచి దండం పెడతాను. దీనికంతటికీ కారణం ఒక ప్యాంటు. సరిగ్గా చెప్పాలంటే, ఆ ప్యాంటు మీదికి నేను ఎంచుకున్న టాపు.

వసంత్ మా ఆఫీసులోనే పనిచేసేవాడు. వాళ్లది వ్యాసర్పాడి, మాది తొండియార్‌పేట. రెండూ తాతల కాలంలోనే మద్రాసు చేరిన తెలుగు కుటుంబాలు. మేం పెళ్లి చేసుకుందామనుకున్నాక, వాళ్లమ్మ నన్ను చూడాలంది.

"ఇంట్లో కూర్చోబెట్టి చూసేది మా అమ్మకు పిడించదు, ఇష్టముండదు హేమా. ఆదివారం టి. నగర్‌లో చీరల షాపుకు వస్తుంది, ఆడనే కలువు" అన్నాడు వసంత్.

ఆమె అప్పటిదాకా నా ఫోటో ఒక్కటే చూసింది. అది మా అన్న పెళ్లిలో తీసింది. పట్టుచీర, జడనిండా పూలు, బ్యూటీషియన్ చెమటోడ్చి తయారుచేసిన ముఖం. అందులో నన్ను గుర్తుపట్టడానికి మా అమ్మే కాసేపు ఆలోచించింది.

ఆదివారం పొద్దున కొత్తగా కొన్న నల్లటి వెడల్పు కాళ్ల ప్యాంటు తీశాను. నేను పొట్టి. ఆ ప్యాంటు ఒక్కో కాలులో ఒక్కో చిన్న సంసారం సర్దుకోవచ్చు. దాని మీదికి మోకాళ్ల దాకా వచ్చే కుర్తా వేస్తే గుడారానికి తల మొలిచినట్టుంది. వదులు షర్టు వేస్తే దిండుకు చేతులొచ్చినట్టుంది. మరీ పొట్టి టాపు వేస్తే బాగానే ఉంది గానీ, నమస్కారం పెట్టడానికి చేతులెత్తగానే బొడ్డు కూడా నమస్కారం పెట్టింది.

మంచం మీద కూర్చున్న మా వదిన తల పట్టుకుంది. "కింద అంత వెడల్పున్నప్పుడు పైన ఒంటికి పట్టినట్టుండాల. నడుము యాడుందో తెలియాల గదా."

చివరికి ఇటుక రంగు టాపు దొరికింది. మోచేతుల దాకా చేతులు, ఒంటికి అమరిన కుట్టు. అంచు ప్యాంటులోకి దోపగానే అద్దంలో నాకు కాళ్లు పొడుగయ్యాయి. నడుము కూడా ఉన్నట్టు తేలింది.

"ఇప్పుడు మనిషి మాదిరి ఉండావు" అంది వదిన. "ఇంకొక మాట. ఆయమ్మ ఏం చెప్తే అది చెయ్యి. ఎదురు మాట్లాడబాక."

షాపు దగ్గర వసంత్ వాళ్లమ్మను దించి, పార్కింగ్ వెతుక్కుంటూ పోయాడు. టి. నగర్‌లో ఆదివారం పార్కింగ్‌కు పోయినవాడు తిరిగొస్తాడని ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. "అమ్మ పట్టుచీరల దగ్గరుంది, పలకరించు" అని మెసేజ్ పెట్టాడు.

వసంత్ ఫోన్‌లో ఫోటో చూసి ఉన్నాను కాబట్టి ఆమెను గుర్తుపట్టాను. దగ్గరికి వెళ్లి నవ్వాను. నేను నోరు తెరిచేలోపే ఆమె పై అరలోని పచ్చ చీర తీయమని తమిళంలో చెప్పింది. మా ఇళ్లలో సగం మాటలు తమిళమే కాబట్టి నాకు అనుమానం రాలేదు. పరీక్ష పెడుతోందనుకున్నాను.

"సరే అత్తా" అని చెప్పులు విప్పి, చీరలు పరిచే మెత్తల మీదికెక్కి చీర తీశాను.

"తెలుగు పిల్లవా?" ఆమె ముఖం విప్పారింది. "అట్లయితే ఆ వంకాయ రంగుది కూడా తియ్యమ్మా. పైట విప్పి చూపీ."

ఆ ప్రశ్న కూడా పరీక్షలో భాగమేననుకుని విప్పాను. భుజం మీద వేసుకుని చూపించాను. నా చుట్టూ చీరలు గుట్టపడ్డాయి. పక్కనున్న ఇంకో ఆవిడ నీలం చీర అడిగితే అదీ తీశాను. అప్పుడు మా అత్తగారు గొంతు తగ్గించింది.

"నా కొడుకు ఒక పిల్లను చూసుకున్నాడమ్మా. ఈడికే రావాల, ఇంకా రాలా. ఫోటోలో ముఖానికి సున్నం కొట్టినట్టుంది. ఆ పిల్ల వంగి ఒక పని చేస్తుందా అని నా దిగులు."

నా చేతిలో చీర ఆగిపోయింది. తలెత్తి చూస్తే అవతల ఇద్దరమ్మాయిలు చీరలు మడతపెడుతున్నారు. ఇటుక రంగు టాపు, అంచు లోపలికి దోపి. నల్లటి వెడల్పు ప్యాంటు. షాపువాళ్ల కొత్త యూనిఫాం.

నిజం చెప్పేయాలి. కానీ 'ఆ సున్నం ముఖం నాదే' అని మొదటి పరిచయంలో ఎలా చెప్పడం?

"ఫోటోలు అట్లనే ఉంటాయత్తా. మనిషి మంచిదై ఉంటుంది" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"ఊరికే, ఊహ."

ఇంతలో సూపర్‌వైజర్ వచ్చి, "పుదుసా? ఐడీ కార్డు ఎంగే?" అని కసిరాడు. కొత్తేనని తలూపాను. కార్డు రేపు తెస్తానని కూడా చెప్పినట్టున్నాను.

అప్పుడొచ్చాడు వసంత్, చెమటలు కక్కుతూ. "అప్పుడే కలిసిపోయినారే. ఎట్ల ఉందిమా హేమ?"

"హేమ యాడుంది?"

వాడు నన్ను చూపించాడు. ఆమె నన్ను చూసింది, ఆ ఇద్దరమ్మాయిలను చూసింది, మళ్లీ నన్ను చూసింది. నా భుజం మీద ఇంకా వంకాయ రంగు పైట ఉంది.

"నువ్వు చెప్పుండొచ్చు గదమ్మా" అంది.

"మీరు తియ్యమన్నారు గదా అని తీసినానత్తా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. కళ్లు తుడుచుకుని, నా గడ్డం పట్టుకుంది.

"సున్నం లేకుండానే బాగుండావు" అంది.

నేను పొద్దున్నుంచి బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలాను. ప్యాంటులో దోపిన టాపు అంచు కూడా దాంతోపాటే బయటికొచ్చేసింది.

ముగ్గురం మెట్ల వైపు నడుస్తుంటే సూపర్‌వైజర్ అడ్డం వచ్చాడు. డ్యూటీ వదిలి ఎక్కడికి పోతున్నావని నన్ను నిలదీశాడు. మా అత్తగారు నా చేయి పట్టుకుని నిదానంగా తమిళంలో చెప్పింది: ఈ పిల్లను మా ఇంటికి తీసుకుపోతున్నాం, మీరు వేరే మనిషిని చూసుకోండి.

పెళ్లయింది. అందరం క్షేమం. కానీ ఆ రోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై ఏ ప్యాంటు మీదికి ఏ టాపు నప్పినా సరే, నేను వెళ్లే చోట పనిచేసేవాళ్లు ఏం వేసుకుంటారో కనుక్కోనిదే గడప దాటను. బ్యాంకుకైనా, హోటలుకైనా, ఆసుపత్రికైనా.

ముఖ్యంగా ఆసుపత్రికి.