మలుపు దగ్గర మనిషి

ఆయన పేరు నాకిప్పటికీ తెలియదు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా కింది ఫ్లాట్ అంకుల్. ఆర్మీలో బండ్లు బాగుచేసి రిటైరైన కడప మనిషి. ఆదివారం పొద్దున వెనక ఖాళీ స్థలంలో సున్నంతో గీసిన వంకర బాటమీద ఒక్కరే రిమోట్ రేసు కారు నడిపేవారు. ముందుగా దాన్ని జానెడెత్తు నుంచి నేలమీదికి వదిలి, ఎలా కూర్చుందో చూసి, స్ప్రింగుల మరలు వదులు చేసి ఇంకాస్త కిందికి దించేవారు. పొట్ట నేలకు రాసుకుంటూ, పేరుకు రేసు కారు, నత్తలా పోయేది.

"అంత కిందికెందుకు అంకుల్?" అన్నానొకసారి.

"పైకి లేపితే మలుపులో బోల్తా పడతాది నాయనా. నిలబెట్టేదానికి ఆడ ఎవురుండారు?"

వెళ్లి మలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన నన్నే కాసేపు చూసి, మరలు బిగించి కారును పైకి లేపారు. అది దూసుకొచ్చి నాలుగుసార్లు బోల్తా పడింది. నేను నిలబెట్టినప్పుడల్లా "షాబాష్!" అని అరిచారు.

మరుసటి ఆదివారం ఆలస్యంగా లేచి, టీ కప్పుతో బాల్కనీలోకి వచ్చాను. కింద కారు ఎత్తుగానే ఉంది. ఆయన రిమోట్ పట్టుకుని, ఖాళీగా ఉన్న ఆ మలుపు వైపే చూస్తున్నారు. మెట్లు దిగితే సరిపోయేది. టీ చల్లారుతుందని ఆగాను.

ఆయన మెల్లగా కూర్చుని, మరలు వదులు చేయడం మొదలుపెట్టారు.